ఇంగ్లండు పల్లెదారుల్లో ఒక రోజంతా సైకిల్ ప్రయాణం: ఎంత దూరం పెట్టుకోవాలి, ఏ దారిలో వెళ్ళాలి?

హన్మకొండ లెక్చరర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలా ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందాను. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటోంది. వచ్చే జూన్ నెలలో నేనూ మా శ్రీమతీ ఆమె దగ్గరికి వెళ్ళి కొన్ని వారాలు ఉండబోతున్నాము. ఆ రోజుల్లో ఒక పూర్తి రోజును, పొద్దున బయలుదేరింది మొదలు పొద్దు గూకే దాకా, ఇంగ్లండు పల్లెల మధ్య సైకిల్ మీద గడపాలన్నది నాకు ఎప్పటి నుంచో ఉన్న కోరిక.

సైకిల్ నాకు కొత్త కాదు. మా మిత్రబృందంతో కలిసి తెల్లవారుజామున హన్మకొండలో బయలుదేరి, గూడెప్పాడ్, ఆత్మకూరు, ములుగు మీదుగా సాగి, జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి దిగి, పాలంపేటలోని రామప్ప గుడికి చేరుకొని, అక్కడ సద్ది తిని కాసేపు చెరువు గాలికి సేదతీరి, సాయంత్రానికి ఇల్లు చేరడం మాకు అలవాటు. రానూపోనూ కలిపి అది 130 నుంచి 140 కిలోమీటర్లు ఉంటుంది. ఈ లెక్కన చల్లని వాతావరణంలో 160 కిలోమీటర్లు, అంటే అక్కడివారు గొప్పగా చెప్పుకునే 100 మైళ్ళు, ఒక రోజులో పూర్తిచేయగలనని నా అంచనా. ఈ అంచనా సరైనదేనా?

మా అమ్మాయి కాట్స్‌వోల్డ్స్ అనే కొండప్రాంతం ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరని, అక్కడి ఊళ్ళు చూసి తీరవలసినవని చెబుతోంది. అయితే అక్కడి సన్నని దారులను ఎలా పోల్చుకోవాలో, మధ్యలో శాకాహారికి ఏం దొరుకుతుందో, వాన వస్తే ఏం చేయాలో, నా సైకిల్‌ను విమానంలో తీసుకువెళ్ళడం మంచిదో అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిదో తెలియడం లేదు. ఆ దారుల్లో తిరిగినవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. నాకు తొందరలేదు, వేగం మీద మోజు కూడా లేదు. చూడదగినది చూస్తూ, అలసిపోయినా ఆనందంగా రాత్రి భోజనానికి ఇల్లు చేరాలన్నదే నా ఆశ.

కాజీపేట నుంచి ఆక్స్‌ఫర్డ్ సమాధానం

సార్, నమస్కారం. నాది కాజీపేట. చదువు కోసం వచ్చి ఆక్స్‌ఫర్డ్ పక్కనే స్థిరపడ్డాను. మీరడిగిన దారుల్లోనే వారాంతాల్లో తిరుగుతుంటాను కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 160 కిలోమీటర్ల లెక్కను పక్కన పెట్టవలసిందిగా నా మనవి. రామప్ప దారిలో ఒకసారి వేగం అందుకుంటే ఆత్మకూరు దాకా దాదాపు ఒకే గేరులో వెళ్ళిపోవచ్చు, గట్టమ్మ గుడి దగ్గరి ఎత్తును కూడా పెద్ద ఎక్కుడు అనలేము. కాట్స్‌వోల్డ్స్‌లో అలా ఉండదు. ఇక్కడి ఊళ్ళు ఎక్కువగా వాగుల పక్కన, లోయల అడుగున ఉంటాయి. ప్రతి ఊరికీ దిగాలి, ప్రతి ఊరి నుంచీ మళ్ళీ ఎక్కాలి. ఒక్కొక్క ఎక్కుడు ఒకటి రెండు కిలోమీటర్లకు మించకపోయినా వాలు చాలాచోట్ల పది శాతం దాటుతుంది. 100 కిలోమీటర్ల దారిలో ఎక్కిన ఎత్తులన్నీ కలిపి చూస్తే 1,000 మీటర్ల పైనే తేలుతుంది. దానికితోడు దారులు పొలం గట్ల వెంబడి మలుపులు తిరుగుతూ పోతాయి, కిలోమీటరుకో రెండు కిలోమీటర్లకో ఒక కూడలి వస్తుంది, ఆగి చూసుకోక తప్పదు. మన దగ్గర గంటకు 20 కిలోమీటర్లు నడిపేవారు ఇక్కడ 14, 15 నడిపితే బాగా నడిపినట్టే లెక్క. కాబట్టి మీరు దూరాన్ని 100 కిలోమీటర్ల దగ్గర ఆపుకొని, తొక్కడానికి ఏడు గంటలు, చూడడానికీ తినడానికీ మూడు గంటలు కేటాయించుకుంటే ఆ రోజు మీరు కోరుకున్నట్టుగా ఉంటుంది.

ఇక దారి విషయం. మీరు భౌతికశాస్త్రం చెప్పినవారు కాబట్టి నేల వాలుతో మొదలుపెడతాను. కాట్స్‌వోల్డ్స్ అంతా సున్నపురాతి పలక. ఆ పలక ఒకవైపు లేచి ఉంది. పడమటి అంచు సెవర్న్, ఈవ్‌షమ్ మైదానాల మీదికి నిటారుగా లేచి ఉంటే, తూర్పువైపు మాత్రం ఆక్స్‌ఫర్డ్ దిశగా మెల్లమెల్లగా వాలిపోతుంది. దక్షిణ ఇంగ్లండులో గాలి కూడా ఎక్కువ రోజులు నైరుతి, పడమర దిక్కుల నుంచే వీస్తుంది. ఈ రెండూ కలిపి ఆలోచిస్తే చేయవలసిన పని తేలికగానే తోస్తుంది: పొద్దున ఆక్స్‌ఫర్డ్‌లో రైలెక్కి పడమటి కొండల దగ్గర దిగాలి, అక్కడి నుంచి సైకిల్ మీద ఇంటికి రావాలి. చాలామంది ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎదురుగాలిలో తొక్కుకుంటూ వెళ్ళి, అలసిపోయి రైలెక్కి తిరిగివస్తారు. మీరు దానికి ఎదురు పద్ధతిలో వెళ్ళండి. కాళ్ళలో సత్తువ తగ్గే వేళకు వాలూ గాలీ రెండూ మీకు తోడొస్తాయి.

రైలు దిగవలసిన ఊరు మోర్టన్-ఇన్-మార్ష్. ఆక్స్‌ఫర్డ్ నుంచి వూస్టర్ వెళ్ళే మార్గంలో ఉంది, ముప్పావు గంటకు మించని ప్రయాణం. ఈ రైళ్ళలో సైకిళ్ళకు చోటు చాలా తక్కువ, కాబట్టి టికెట్‌తోపాటే సైకిల్‌కు కూడా ముందుగా రిజర్వు చేసుకోండి.

మోర్టన్ నుంచి బ్లాక్లీ మీదుగా చిపింగ్ క్యాంప్‌డెన్‌కు వెళ్ళండి. మధ్యయుగాల్లో ఉన్ని వ్యాపారంతో బాగుపడిన ఊరు ఇది. తేనెరంగు సున్నపురాతితో కట్టిన ఇళ్ళు వీధి పొడవునా వరుసగా నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి పడమటి అంచు మీదికి ఎక్కితే బ్రాడ్‌వే టవర్ వస్తుంది. 1798, 1799 సంవత్సరాల్లో కట్టిన ఈ బురుజు సముద్రమట్టానికి 312 మీటర్ల ఎత్తున ఉంది, కాట్స్‌వోల్డ్స్ మొత్తంలో ఇది రెండవ ఎత్తైన చోటు. మబ్బు లేని రోజున ఇక్కడ నిలబడి పడమటికి చూస్తే మైదానమంతా పరుచుకొని, దాని అవతల వేల్స్ కొండలు కనబడతాయి. నేను పైన చెప్పిన పలక అంచు ఎలా ఉంటుందో ఇక్కడే కళ్ళకు కడుతుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను: కింద కనబడే బ్రాడ్‌వే ఊరు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ రోజు దిగవద్దు, దిగితే దాదాపు 200 మీటర్ల ఎత్తు మళ్ళీ ఎక్కవలసి వస్తుంది.

టవర్ నుంచి స్నోస్‌హిల్, గైటింగ్ పవర్, నాంటన్ ఊళ్ళ మీదుగా అప్పర్ స్లాటర్ చేరతారు. ఈ భాగమే రోజు మొత్తంలో కష్టమైనదీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ. రోడ్డు వెడల్పు ఒక్క కారుకే సరిపోతుంది. రెండు పక్కలా మనిషెత్తు కంచెచెట్లో, సిమెంటు గానీ మట్టి గానీ లేకుండా రాతి మీద రాయి పేర్చిన గోడలో ఉంటాయి. అప్పర్ స్లాటర్‌లో ఐ అనే చిన్న ఏరు దారికి అడ్డంగా పారుతుంది. అడుగున రాళ్ళకు పాచి పట్టి ఉంటుంది కాబట్టి సైకిల్ దిగి, పక్కనున్న కాలిబాట వంతెన మీదుగా నడిపించుకొని దాటండి. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్ళిన తన మనుషులందరినీ ప్రాణాలతో తిరిగి పొందిన కొద్ది ఊళ్ళలో ఇదొకటి. అక్కడ కాసేపు కూర్చోవడానికి నాకు ఆ ఒక్క కారణమే చాలు.

లోయర్ స్లాటర్ దాటి బోర్టన్-ఆన్-ద-వాటర్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఈ ఊరికి పర్యాటకులు విపరీతంగా వస్తారు, కాబట్టి విండ్‌రష్ నది మీది చిన్న వంతెనలను చూసి ముందుకు సాగడమే మంచిది. ఇక్కడి నుంచి అదే నది విట్నీ దాకా మీకు తోడుగా ఉంటుంది. గ్రేట్ రిసింగ్టన్, గ్రేట్ బారింగ్టన్, బర్‌ఫర్డ్, స్విన్‌బ్రూక్, మిన్‌స్టర్ లవెల్ అన్నీ ఆ లోయలోనివే. మిన్‌స్టర్ లవెల్‌లో 15వ శతాబ్దపు భవనం శిథిలాలు సరిగ్గా నది ఒడ్డునే ఉన్నాయి, టికెట్ అవసరం లేదు. రామప్ప చెరువు దగ్గర కూర్చోవడం ఇష్టమన్నారు కదా, మీకు ఆ చోటు తప్పక నచ్చుతుంది.

విట్నీ తరువాత ఐన్‌షమ్, ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్. ఏ40 అనే పెద్ద రోడ్డు మీదికి మాత్రం ఎక్కవద్దు, దాని పక్కనే సైకిళ్ళకు వేరే బాట ఉంది. ఐన్‌షమ్ దగ్గర థేమ్స్ మీద 1769లో ప్రారంభమైన స్విన్‌ఫర్డ్ వంతెన ఉంది. కారుకు ఈనాటికీ 5 పెన్నీల సుంకం తీసుకుంటారు, సైకిల్‌కు ఏమీ లేదు. వంతెనను చూసి రండి, కానీ అటువైపు రోడ్డు ఇరుకు, సాయంత్రం వాహనాలు ఎక్కువ, కాబట్టి ఇంటికి రావడానికి ఏ40 పక్కబాటనే నమ్ముకోండి. మొత్తం దూరం 95 నుంచి 100 కిలోమీటర్లు వస్తుంది.

జగిత్యాల ఆడపడుచు సమాధానం

లెక్చరర్ గారికి నమస్కారం. తమ్ముడు రాసిన దారి చక్కనిదే, దూరం తగ్గించుకొమ్మన్న సలహా ఇంకా మంచిది. నేను కేంబ్రిడ్జిలో ఉంటున్నాను. నా అభిప్రాయం ఒక్కచోట మాత్రమే వేరు. వచ్చిన వెంటనే నేరుగా కొండల్లోకి వెళ్ళకుండా, ముందు ఒక పూట చదునైన నేల మీద తిరిగి, ఇక్కడి రోడ్లకూ గుర్తులకూ అలవాటు పడితే బాగుంటుంది. అందుకు కేంబ్రిడ్జి నుంచి ఈలీ వెళ్ళే దారి ఎంతో అనువైనది. వెళ్ళడానికి 30 కిలోమీటర్ల లోపే, తిరిగి రావడానికి రైలుంది. ఫెన్స్ అని పిలిచే ఈ నేలంతా ఒకప్పుడు చిత్తడి. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీరు కార్నీలియస్ వెర్ముయిడెన్ ఆధ్వర్యంలో కాలువలు తవ్వి నీటిని బయటికి మళ్ళించారు. నీరు పోయాక నేల కుంగింది. ఇప్పుడు నదులు గట్ల మధ్య ఎత్తున పారుతుంటే పొలాలు కింద ఉంటాయి. మన చెరువు కట్ట మీద నిలబడి ఆయకట్టును చూసినట్టే ఉంటుంది. ఎక్కుడు ఒక్కటీ లేకపోయినా గాలిని ఆపే కంచెచెట్లు కూడా లేవు, కాబట్టి బయలుదేరే ముందు గాలి ఏ దిక్కుదో తప్పక చూసుకోండి.

ఇప్పుడు కాట్స్‌వోల్డ్స్‌కూ పనికొచ్చే విషయాలు చెబుతాను. పొలాల్లోకి వెళ్ళే బాటల మొదట్లో బాణం గుర్తులు ఉంటాయి. పసుపు బాణం ఉంటే అది నడిచేవారికి మాత్రమే. నీలం బాణం ఉంటే గుర్రాలు వెళ్ళే బాట. 1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం ఆ బాటల మీద సైకిల్‌కు కూడా హక్కు ఇచ్చింది, అయితే నడిచేవారికీ గుర్రపు స్వారీ చేసేవారికీ మనమే దారి ఇవ్వాలి. ఫోనులోని మ్యాపు ఒక్కోసారి పసుపు బాణం బాటను కూడా దగ్గరి దారిగా చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. రోడ్డు మీద గుర్రం ఎదురైతే లేదా ముందు వెళ్తుంటే దూరం నుంచే మాట వినిపించి, నెమ్మదించి, కుడివైపు నుంచి ఎడంగా దాటాలి. గుర్రాన్ని ఎడమవైపు నుంచి దాటకూడదని రోడ్డు నియమావళిలోనే ఉంది. చాలామంది ఈ సంగతి తెలియక గంట మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోతారు, గుర్రం బెదిరితే ఇద్దరికీ ప్రమాదం.

కార్ల గురించి కూడా చెప్పాలి. పల్లెదారి ఎంత సన్నగా ఉన్నా, వేరే బోర్డు లేకపోతే కార్ల వేగపరిమితి గంటకు 60 మైళ్ళు, అంటే 96 కిలోమీటర్లు. కంచెచెట్ల వల్ల మలుపు అవతల ఏముందో కనబడదు. మలుపుల దగ్గర మరీ అంచుకు జరిగితే ఎదురుగా వచ్చేవారికి మీరు ఆలస్యంగా కనబడతారు, కాబట్టి ఎడమ సగం మధ్యలో, కనబడేలా నడపండి. వెనుక కారు ఉంటే వెడల్పైన చోట ఆగి పోనివ్వండి. వారు చెయ్యి ఎత్తితే మీరూ చెయ్యి ఎత్తండి.

భోజనం సంగతి. పల్లెల్లో పబ్ అంటే మద్యం దుకాణం అని సంకోచించవద్దు, కుటుంబాలు కూర్చొని తినే చోటు అది. కానీ మధ్యాహ్నం వంట చాలాచోట్ల రెండు, రెండున్నరకు ఆపేస్తారు, ఆ తరువాత సాయంత్రం దాకా వేడి పదార్థం దొరకదు. శాకాహారులకు చీజు శాండ్‌విచ్, తొక్కతోనే కాల్చిన పెద్ద ఆలుగడ్డ, సూపు, బ్రెడ్డు మీద చిక్కుడుగింజల కూర లాంటివి దొరుకుతాయి. మీరు వచ్చేటప్పుడు సకినాలు, పల్లిపట్టీలు ఎలాగూ తెస్తారు కదా, అందులో కొన్ని సంచీలో వేసుకోండి. సర్వపిండి పొద్దున్నే కాల్చి మడిచి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, శాండ్‌విచ్ కన్నా ఎంతో మేలు.

మన ఎండల్లో గంటకు లీటరు నీళ్ళు తాగే అలవాటున్నవారికి ఇక్కడ దాహమే వేయదు, దానివల్ల తాగడం మరిచిపోయి మధ్యాహ్నానికి తలనొప్పి తెచ్చుకుంటారు. అరగంటకోసారి నాలుగు గుక్కలైనా తాగండి. జూన్ అయినా పొద్దునా సాయంత్రమూ చలిగాలి ఉంటుంది. ఎక్కుడులో చెమట పట్టి వెంటనే దిగుడులో గాలి తగిలితే వణుకు పుడుతుంది, కాబట్టి గాలినీ వాననూ ఆపే పలుచని కోటు ఒకటి ఎండ కాస్తున్నా సరే వెంట ఉండాలి. జూన్ చివర ఇక్కడ సూర్యోదయం ఐదుకు ముందే, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక. వరంగల్‌లో అప్పుడు పగలు 13 గంటలు ఉంటే ఇక్కడ పదహారున్నర. వెలుగు ఉంది కదా అని భోజనం వేళ దాటనివ్వకండి.

బట్టలబజార్ సైకిల్ మేస్త్రీ సమాధానం

లెక్చరర్ గారూ, మా అబ్బాయి లీడ్స్‌లో ఉన్నప్పుడు నేను వెళ్ళి అక్కడ తిరిగి వచ్చాను. దారుల గురించి చిన్నవాళ్ళు బాగా రాశారు కాబట్టి బండి గురించి మాత్రం చెబుతాను.

మీ సైకిల్‌ను విమానంలో తీసుకువెళ్ళవద్దు. విప్పి అట్టపెట్టెలో సర్దడం, అక్కడ మళ్ళీ బిగించడం, గేరు తీగ సరిచేయడం అంతా ఒక్క రోజు ప్రయాణం కోసం పడవలసిన శ్రమ కాదు. ఆక్స్‌ఫర్డ్ సైకిళ్ళ ఊరు, అద్దెకు దొరుకుతాయి. అయితే ఊళ్ళో తిరగడానికి ఇచ్చే మూడు గేర్ల బండి కాట్స్‌వోల్డ్స్‌కు పనికిరాదు. దూరప్రయాణాలకు చేసిన టూరింగ్ బండి గానీ, కంకర దారులకు చేసిన గ్రావెల్ బండి గానీ అడగండి. వెనుక పళ్ళచక్రాల్లో పెద్దది కనీసం 32, 34 పళ్ళు ఉండాలి, ముందుది చిన్నది 34 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. ఆ గేరు ఉంటే పన్నెండు శాతం వాలు కూడా సీటు మీద కూర్చొనే మెల్లగా ఎక్కవచ్చు, మోకాళ్ళ మీద భారం పడదు. మన వయసులో ఎక్కువ జాగ్రత్త పడవలసింది మోకాళ్ళ గురించే. టైరు వెడల్పు 32 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య తీసుకోండి. అంతకన్నా సన్నని టైరు ఆ దారుల్లోని గుంతల మీద చేతులను హూనం చేస్తుంది.

బ్రేకు సంగతి మీకు ఇబ్బంది కాదు, అక్కడ కూడా మనలాగే కుడిచేతిది ముందు చక్రానికి, ఎడమచేతిది వెనుక చక్రానికి ఉంటుంది. వాల్వు మాత్రం చూసుకోవాలి. మన మామూలు సైకిళ్ళకు ఉండే వాల్వు అక్కడ కనబడదు. సన్నగా ఉండి పైన చిన్న మర తిప్పి గాలి కొట్టేది ప్రెస్టా, కారు టైరుకు ఉండేలాంటిది ష్రేడర్. మీకిచ్చిన బండికి ఏది ఉందో చూసి, దానికి సరిపోయే పంపు, రెండు ట్యూబులు, టైరు లేపే ప్లాస్టిక్ పుల్లలు, అతుకులు అడిగి తీసుకోండి. చక్రం ఒకసారి అక్కడే విప్పి, బిగించి చూసుకొని బయలుదేరండి.

పంక్చర్ల విషయంలో మీరు జూన్‌లో వెళ్ళడం మంచిదే అయింది. మన దగ్గర తుమ్మముళ్ళూ పల్లేరుకాయలూ ఎలాగో అక్కడ కంచెల్లోని హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే చెట్ల ముళ్ళు అలాగ. పక్షులు గూళ్ళు పెట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రైతులు పొలాల కంచెలను నరకకూడదన్న నియమం ఉంది. సెప్టెంబరు మొదలైందంటే ట్రాక్టరు యంత్రాలతో కంచెలను కత్తిరిస్తారు, ముళ్ళ తునకలు దారి నిండా పడతాయి. మా అబ్బాయి స్నేహితులు ఆ కాలంలో పల్లెదారులకు పోవడమే తగ్గించేవారు. జూన్‌లో ఆ బాధ తక్కువ.

ఇంకొక రెండు మాటలు. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కడ్డీలు పరిచిన చోట్లు ఉంటాయి. వాటిని నేరుగా, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వేయకుండా దాటండి. తడిసి ఉంటే దిగి నడవండి. చీకటి పడితే ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రని దీపం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండడం అక్కడ చట్టం. హెల్మెట్‌కు అలాంటి చట్టం లేదు, అయినా పెట్టుకోండి.

కాగితపు మ్యాపు ఒకటి కొనుక్కొమ్మని నా విన్నపం. 1791లో మొదలైన అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:50,000 మ్యాపులో ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక గీత ఉంటుంది. రోడ్డు మీద ఒక బాణపు మొన గీస్తే వాలు 14 నుంచి 20 శాతం మధ్య అని, రెండు గీస్తే 20 శాతం పైన అని అర్థం. మొన చూపే వైపు దిగుడు. ఆ మ్యాపును ముందురోజు బల్ల మీద పరిచి, మీరు పోయే దారిలో రెండు మొనలు ఎక్కడైనా ఉన్నాయా అని వేలుపెట్టి వెతికితే మరునాడు ఏ ఎక్కుడూ మిమ్మల్ని తత్తరపెట్టదు. మీరు వెళ్ళబోయే దారిలో చాలాభాగం 163, 164 సంఖ్యల మ్యాపుల్లో ఉంటుంది, క్యాంప్‌డెన్ ప్రాంతానికి 151 చూడాలి.

వెళ్ళేలోపు అభ్యాసం కావాలంటే రామప్ప దారి దూరానికి పనికొస్తుంది గానీ ఎక్కుడుకు పనికిరాదు. ఫాతిమానగర్ రైల్వే వంతెనను పొద్దున్నే వాహనాలు లేని వేళ చిన్న గేరులో పదేపదే ఎక్కి దిగండి. వీలైతే ఒక ఆదివారం సైకిళ్ళను బండిలో వేసుకొని నిర్మల్ అవతలి మహబూబ్ ఘాట్‌కు పోయి రండి. ఆ మలుపుల్లో ఊపిరి ఎలా కుదుర్చుకోవాలో తెలిస్తే కాట్స్‌వోల్డ్స్‌లో మీకు కొత్త ఏమీ ఉండదు.

ఆ దేశపు పాత సత్రాల గోడల మీద ఎక్కడైనా రెక్కలున్న చక్రం గుర్తుతో ఇనుప పలక కనబడితే ఆగి చూడండి. 1878లో మొదలైన సైకిల్ యాత్రికుల సంఘం తనకు నచ్చిన బసలకు ఆ గుర్తు ఇచ్చేది. అదే సంఘం ఇప్పుడు సైక్లింగ్ యూకే పేరుతో ఉంది. సైకిల్ మీద ఊళ్ళు చూడడమనే అలవాటును అంతకాలంగా కాపాడుకొస్తున్నవారంటే నాకు చాలా గౌరవం.

హన్మకొండ లెక్చరర్

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేలవాలునూ గాలినీ కలిపి దారి నిర్ణయించిన తీరు నాకు ఎంతో సంతోషం కలిగించింది. 160 కిలోమీటర్ల ఆలోచన విరమించుకున్నాను, రైలులో మోర్టన్ వెళ్ళి సైకిల్ మీద తిరిగి వస్తాను. దానికి ముందు ఈలీ దారిలో ఒక పూట గడుపుతాను. సర్వపిండి మాట వినగానే మా శ్రీమతి తాను కూడా ఆ రోజు బర్‌ఫర్డ్‌కు వచ్చి కలుస్తానని అంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. మధ్యలో వాన పట్టుకున్నా, మోకాలు మొరాయించినా, దారిని ఎక్కడ తెంచుకొని ఇంటికి చేరవచ్చు? ఇక్కడైతే ములుగులోనో ఆత్మకూరులోనో ఏ ట్రాలీ ఆటోనో ఆపి సైకిల్ ఎక్కించుకుంటాము.

కాజీపేట నుంచి ఆక్స్‌ఫర్డ్

సార్, అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఇక్కడి ఊళ్ళ మధ్య తిరిగే బస్సుల్లో సైకిల్‌ను సాధారణంగా ఎక్కించుకోరు, కాబట్టి రైలు స్టేషన్లనే గుర్తుపెట్టుకోవాలి. మీరు వచ్చిన రైలు మార్గం మీ దారికి ఉత్తరాన, కొన్ని కిలోమీటర్ల ఎడంలో, ఆక్స్‌ఫర్డ్ దాకా సాగుతుంది. స్నోస్‌హిల్ లోపు ఇబ్బంది వస్తే వెనుదిరిగి మోర్టన్‌కే రండి. స్లాటర్ ఊళ్ళ దగ్గర గానీ బోర్టన్‌లో గానీ ఆగిపోవాలనిపిస్తే కింగమ్ స్టేషన్‌కు వెళ్ళండి, బోర్టన్ నుంచి సుమారు 12 కిలోమీటర్లు. బర్‌ఫర్డ్ దాటకముందైతే చార్ల్‌బరీ స్టేషన్ సుమారు 14 కిలోమీటర్లు. విట్నీకి రైలు లేదు, కానీ అక్కడి నుంచి చదునైన దారే, ఇల్లు కూడా దగ్గరే.

నిర్ణయం తీసుకోవలసిన చోటు బోర్టన్. ఏడున్నరకల్లా మోర్టన్‌లో తొక్కడం మొదలుపెడితే, టవర్ దగ్గర అరగంట ఆగినా, ఒంటి గంటకు బోర్టన్ చేరాలి. రెండు దాటితే మిన్‌స్టర్ లవెల్ శిథిలాల దగ్గర కూర్చునే సమయం పోతుంది. అప్పుడు లోయలోని చిన్న ఊళ్ళను వదిలి, నేరుగా బర్‌ఫర్డ్ వెళ్ళే పల్లెదారి పట్టుకోండి. వాన విషయానికొస్తే, ఇక్కడి జల్లు చాలాసార్లు అరగంటలో వెలిసిపోతుంది. ఊరి చర్చి ముందు కప్పున్న అరుగులో బెంచీ ఉంటుంది, అక్కడ ఆగితే ఎవరూ ఏమీ అనరు. రోజంతా వాన అని ముందురోజే తెలిస్తే మాత్రం ప్రయాణం వాయిదా వేయండి, తడిసిన సున్నపురాతి దిగుళ్ళలో బ్రేకులు ఆలస్యంగా పడతాయి.

అమ్మగారు బర్‌ఫర్డ్ రావాలనుకోవడం చాలా మంచి ఆలోచన. ఆక్స్‌ఫర్డ్ నుంచి విట్నీ వచ్చి, అక్కడ బస్సు మారితే బర్‌ఫర్డ్ చేరవచ్చు. ఏటవాలుగా దిగే పెద్ద వీధికి అడుగున విండ్‌రష్ మీద పాత రాతివంతెన ఉంది, కలుసుకోవడానికి ఆ వంతెన దగ్గరి చోటే చెప్పుకోండి, పై వీధిలో జనం ఎక్కువ. ఆదివారం బస్సులూ రైళ్ళూ తగ్గుతాయి కాబట్టి శనివారం గానీ, ఇంకా మంచిది మామూలు పనిదినం గానీ ఎంచుకోండి. తేదీ ఖరారయ్యాక ఇక్కడ రాస్తే, నాకు సెలవు దొరికినట్లయితే మోర్టన్ స్టేషన్ నుంచి టవర్ దాకా మీతో వస్తాను.